చార్లెస్ కెటరింగ్

చార్లెస్ ఫ్రాంక్లిన్ కెటరింగ్ (1876 - 1958) అమెరికా దేశానికి చెందిన ప్రముఖ ఆవిష్కర్త, విద్యుత్ ఇంజనీరు మరియు పారిశ్రామికవేత్త. మోటారు వాహనాలను చేతితో తిప్పే పని లేకుండా విద్యుత్తుతో నడిపించే సెల్ఫ్ స్టార్టరును, బ్యాటరీతో పనిచేసే ఇగ్నిషన్ పద్ధతిని ఈయన రూపొందించాడు. ఈయన పేరు మీద 186 పేటెంట్లు ఉన్నాయి. 1920 నుండి 1947 వరకు జనరల్ మోటార్స్ సంస్థ పరిశోధనా విభాగానికి అధిపతిగా పనిచేశాడు. సీసం కలిపిన పెట్రోలు వ్యాప్తిలో ముఖ్యపాత్ర వహించినందువలన ఈయన కీర్తితో పాటు విమర్శలకు కూడా గురయ్యాడు.

బాల్యము, విద్యాభ్యాసము

కెటరింగ్ 1876 ఆగష్టు 29న ఒహాయో రాష్ట్రంలోని లౌడన్‌విల్ సమీపంలో ఒక రైతు కుటుంబంలో జన్మించాడు. చిన్నతనం నుండి దృష్టిలోపం ఉండడంతో చదివినప్పుడల్లా తలనొప్పితో బాధపడేవాడు. కొంతకాలం పల్లెటూరి పాఠశాలలో ఉపాధ్యాయునిగా పనిచేసి, తరువాత ఒహాయో రాష్ట్ర విశ్వవిద్యాలయంలో చేరాడు. కంటి బాధ ఎక్కువ కావడంతో చదువు మధ్యలో ఆపివేసి, టెలిఫోను తీగలు వేసే కూలీల బృందానికి నాయకునిగా పనిచేశాడు. ఆ పనిలోనే విద్యుత్ వలయాలతో ప్రత్యక్ష పరిచయం ఏర్పడింది. తిరిగి విశ్వవిద్యాలయంలో చేరి 1904లో విద్యుత్ ఇంజనీరింగులో పట్టా పొందాడు. 1905లో ఆలివ్ విలియమ్స్‌ను వివాహం చేసుకున్నాడు. వీరికి యూజీన్ అనే ఒక కుమారుడు.

డేటన్ నగరంలో

పట్టా పొందిన సంవత్సరమే కెటరింగ్ డేటన్ నగరంలోని నేషనల్ క్యాష్ రిజిస్టర్ సంస్థలో చేరాడు. దుకాణాలలో డబ్బు లెక్కకు వాడే యంత్రపు సొరుగును అంతవరకు చేతితో తిప్పి తెరిచేవారు. దానికి విద్యుత్ మోటారు అమర్చడం ఈయన మొదటి పెద్ద విజయం. ఆ మోటారు రోజంతా తిరగనవసరం లేదు, ఒక్క క్షణం బలంగా తిరిగితే చాలు. అందువలన చాలా చిన్న మోటారుతోనే పని జరిగింది.

సహోద్యోగి అయిన ఎడ్వర్డ్ డీడ్స్ ఇంటి వెనుక ఉన్న కొట్టంలో కెటరింగ్, మరికొందరు మిత్రులు సెలవు వేళలలో మోటారు కార్ల పరికరాలపై ప్రయోగాలు చేసేవారు. అక్కడ రూపొందిన ఇగ్నిషన్ పరికరాన్ని కాడిలాక్ సంస్థ అధిపతి హెన్రీ లీలాండ్ తన కార్ల కొరకు వేల సంఖ్యలో కొనుగోలు చేయడానికి అంగీకరించాడు. దానితో 1909లో కెటరింగ్, డీడ్స్ కలిసి డేటన్ ఇంజనీరింగ్ లేబరేటరీస్ కంపెనీని స్థాపించారు. దాని పొట్టిపేరే డెల్కో.

సెల్ఫ్ స్టార్టరు

ఆ కాలంలో కారును నడపాలంటే ముందువైపు క్రాంకు కడ్డీ పెట్టి ఇంజనును బలంగా త్రిప్పవలసి వచ్చేది. నిప్పురవ్వ ముందుగా పుడితే ఇంజను వెనుకకు తన్ని, త్రిప్పేవారి మణికట్టు లేదా దవడ విరిగేది. లీలాండ్ మిత్రుడొకడు ఇటువంటి దెబ్బ వలన మరణించాడనీ, ఆ దుఃఖంతోనే లీలాండ్ ఈ పని కెటరింగ్‌కు అప్పగించాడనీ ఒక కథ ప్రచారంలో ఉన్నది.

ఇంజనును త్రిప్పగల మోటారు, దానికి తగిన బ్యాటరీ కారులో పట్టనంత పెద్దవిగా ఉండాలని అప్పటి నిపుణులు లెక్క కట్టారు. ఎల్లప్పుడూ తిరిగే మోటారుకు ఆ లెక్క సరియైనదే. కాని స్టార్టరు కొన్ని సెకన్లు మాత్రమే తిరుగుతుంది. అంత స్వల్ప కాలంలో చిన్న మోటారుపై దాని శక్తికి మించిన భారం వేసినా అది కాలిపోదని క్యాష్ రిజిస్టర్ అనుభవం వలన కెటరింగ్‌కు తెలుసు.

ఖర్చయిన విద్యుత్తును తిరిగి బ్యాటరీకి చేర్చడం రెండవ సమస్య. దీనికై ఆయన ఒకే యంత్రాన్ని రెండు విధాలుగా వాడుకున్నాడు. ఇంజనును నడిపించేటప్పుడు అది మోటారు. ఇంజను నడిచిన తరువాత అదే డైనమోగా మారి బ్యాటరీని ఛార్జి చేస్తుంది. ఆ బ్యాటరీ నుండే ఇగ్నిషనుకు, దీపాలకు కూడా విద్యుత్తు అందుతుంది. స్టార్టరు, ఛార్జింగు, ఇగ్నిషను, దీపాలు అన్నీ కలిసి ఒకే వలయంగా ఏర్పడడమే ఈ పద్ధతి ప్రత్యేకత. 1911 ఫిబ్రవరిలో ఈ పరికరం అమర్చిన కారును కాడిలాక్ సంస్థకు అందజేశారు. 1912 నమూనా కాడిలాక్ కార్లన్నిటిలో ఇది వచ్చింది. 1915లో పేటెంటు లభించింది. 1919 నుండి ఫోర్డ్ మోడల్ టి కార్లలో కూడా విద్యుత్ స్టార్టరు లభించసాగింది.

నేటి వాహనాలలో కెటరింగ్ వలయం

1960వ దశకంలో డైనమో స్థానంలో ఆల్టర్నేటరు వచ్చినది. తరువాత ఇగ్నిషన్ పాయింట్ల స్థానంలో ఎలక్ట్రానిక్ పరికరాలు వచ్చాయి. అయినను వలయం స్వరూపం మారలేదు. తెలుగునాట మెకానిక్కులు స్టార్టరును సెల్ఫ్ అనీ, ఆల్టర్నేటరును నేటికీ డైనమో అనీ పిలవడం కద్దు.

ఈ వలయంలో ఒకచోట లోపం మరొకచోట బయటపడుతుంది. పాత పికప్ ట్రక్కులలో ఇది తరచుగా కనిపిస్తుంది. సెల్ఫ్ తిరగకపోతే బ్యాటరీ చెడిందని తలచి కొత్తది వేస్తారు. అసలు లోపం ఛార్జింగులో ఉంటే కొత్త బ్యాటరీ కూడా కొద్ది రోజులలో దిగిపోతుంది. అందువలన భాగాలను మార్చక ముందు మల్టీమీటరుతో వరుసగా కొలవడం మేలు.

12 వోల్టుల వాహనంలో ఇంజను ఆపి కొన్ని గంటలు ఉంచిన తరువాత నిండు బ్యాటరీ సుమారు 12.6 వోల్టులు చూపుతుంది. సెల్ఫ్ తిరిగేటప్పుడు 9.6 కంటే దిగువకు పడిపోతే బ్యాటరీ బలహీనమై ఉండవచ్చు. ఇంజను నడుస్తున్నప్పుడు సాధారణంగా 13.8 నుండి 14.5 వోల్టులు ఉండాలి. అంతకు బాగా తగ్గితే బెల్టు, తీగలు, ఆల్టర్నేటరు పరిశీలించాలి. 15 దాటితే రెగ్యులేటరు లోపమని అనుమానించాలి.

పికప్ ట్రక్కులలో అనేకం చట్రం, క్యాబిన్, వెనుక తొట్టి వేరువేరుగా ఉండే నిర్మాణం కలవి. ఇంజను రబ్బరు దిమ్మెలపై ఉంటుంది. కనుక వీటిని కలిపే ఎర్త్ తీగలు తుప్పు పడితే, బ్యాటరీ, ఆల్టర్నేటరు రెండూ మంచివైనా దీపాలు మసకబారడం, సెల్ఫ్ బరువుగా తిరగడం జరుగుతుంది. బ్యాటరీ ఋణ ధ్రువానికి, ఇంజను లోహానికి మధ్య సెల్ఫ్ తిరిగే సమయంలో వోల్టేజి కొలిస్తే ఈ లోపం తెలుస్తుంది. అక్కడ అర వోల్టు దాటితే ఎర్త్ మార్గాన్ని శుభ్రం చేయాలి. రాత్రి నిలిపి ఉంచిన వాహనంలో బ్యాటరీ దిగిపోతుంటే ఏదో ఒక భాగం విద్యుత్తును లాగుతున్నట్లు. ఫ్యూజులను ఒక్కొక్కటిగా తీసి చూస్తే ఆ శాఖ దొరుకుతుంది.

జనరల్ మోటార్స్

డెల్కో సంస్థ 1916లో విలియం డ్యూరాంట్ నెలకొల్పిన యునైటెడ్ మోటార్స్‌కు అమ్ముడై, 1918లో జనరల్ మోటార్స్‌లో కలిసింది. అక్కడ కెటరింగ్ నాయకత్వంలో త్వరగా ఆరే కారు రంగులు, రైళ్ళకు వాడే తేలికైన రెండు స్ట్రోకుల డీజిల్ ఇంజన్లు అభివృద్ధి చెందాయి. అన్ని ప్రయత్నాలు ఫలించలేదు. నీటికి బదులు గాలితో చల్లబడే రాగి రెక్కల ఇంజను 1923లో విఫలమై, అమ్మిన కార్లను సంస్థ వెనుకకు తీసుకొనవలసి వచ్చినది.

సీసం కలిపిన పెట్రోలు

1921 డిసెంబరులో ఈయన విభాగంలోని థామస్ మిడ్‌గ్లీ, పెట్రోలులో టెట్రా ఇథైల్ లెడ్ కలిపితే ఇంజనులో వచ్చే తట్టుడు శబ్దం ఆగిపోతుందని కనుగొన్నాడు. 1924లో ఏర్పడిన ఇథైల్ గాసొలీన్ కార్పొరేషన్‌కు కెటరింగ్ మొదటి అధ్యక్షుడు. సీసం విషమన్న సంగతి అప్పటికే తెలిసినదే. అదే సంవత్సరం న్యూజెర్సీలోని ఒక కర్మాగారంలో ఐదుగురు కార్మికులు ఆ విషప్రభావానికి మరణించారు. అయినా వాడకం ఆగలేదు. దశాబ్దాల పాటు గాలిలో సీసం వ్యాపించి పిల్లల మెదడు ఎదుగుదలకు హాని కలిగించింది. భారతదేశంలో 2000లో ఈ పెట్రోలు అమ్మకం ఆగిపోయింది. కార్లకు దీనిని అమ్మిన చివరి దేశం అల్జీరియా 2021లో నిలిపివేసింది.

చివరి జీవితము

1945లో ఆల్ఫ్రెడ్ స్లోన్‌తో కలిసి న్యూయార్క్‌లో క్యాన్సర్ పరిశోధనకై స్లోన్-కెటరింగ్ సంస్థ స్థాపనకు తోడ్పడ్డాడు. 1946లో భార్య మరణించింది. 1947లో పదవీ విరమణ చేసి, 1958 నవంబరులో కన్నుమూశాడు. ఒహాయోలోని కెటరింగ్ నగరానికి, మిచిగన్ రాష్ట్రం ఫ్లింట్‌లోని కెటరింగ్ విశ్వవిద్యాలయానికి ఈయన పేరు పెట్టారు.

విద్యుత్ వలయాన్ని మొత్తంగా చూచినందువలన ఎందరో చేతులు విరగకుండా కాపాడిన ఇంజనీరు, పెట్రోలు విషయంలో ఇంజను వరకే చూచి, పొగగొట్టం దాటి వెలువడేదానిని లెక్కలోకి తీసుకొనలేదు. ఈ రెండూ కెటరింగ్ వారసత్వంలో భాగాలే.