కండరాల శక్తి గుట్టు విప్పిన తెలుగువాడు

కనకమామిడిలో కబడ్డీ ఆడి అలసిన మన కాళ్లు కాసేపు కూర్చుంటే మళ్లీ పరుగుకు సిద్ధమవుతాయి. ఈ గుట్టు విప్పినవారిలో డాక్టర్ ఎల్లాప్రగడ సుబ్బారావు గారు ఒకరు.

ఆయన 1895లో భీమవరంలో జన్మించారు. ఇంట్లో ఇబ్బందులు. మెట్రిక్యులేషన్ రెండుసార్లు తప్పి, మూడోసారి గట్టెక్కారు. మద్రాసు వైద్య కళాశాలలో ఖద్దరు ధరించి ఆంగ్ల ఆచార్యుని ఆగ్రహానికి గురయ్యారు, ఎం.బి.బి.ఎస్.కు బదులు ఎల్.ఎం.ఎస్. పట్టానే దక్కింది. అమెరికా వెళ్లి, ఆసుపత్రిలో రాత్రిపూట చిన్న పనులు చేస్తూ హార్వర్డ్‌లో చదువు సాగించారు.

1927లో సైరస్ ఫిస్కేతో కలిసి కండరంలో ఫాస్ఫోక్రియాటిన్‌ను కనుగొన్నారు. కండరాన్ని ప్రేరేపించి పనిచేయిస్తే అది తగ్గుతుందని, విశ్రాంతినిస్తే తిరిగి తయారవుతుందని చూపారు. 1929లో ఏ.టి.పి.ని వేరుచేశారు. అదే ఏడాది జర్మనీలో లోమన్ కూడా దానిని కనుగొన్నారు. స్త్రీ పురుషుల కండరాలను స్వల్ప విద్యుత్తుతో కదిలించి, శక్తి ఖర్చును పోల్చే నేటి పరిశోధకులు కొలిచేది ఈ పదార్థాలనే.

హార్వర్డ్‌లో శాశ్వత ఉద్యోగం దక్కలేదు. 1940లో లెడర్లీ సంస్థలో చేరి ఫోలిక్ ఆమ్లం, బోదకాలు మందుల పరిశోధనలకు నాయకత్వం వహించారు. 1948లో కన్నుమూశారు.

మిత్రులారా! పరీక్ష తప్పి పెట్టె సర్దుకుంటున్న తోటి విద్యార్థి మన గదిలో ఉంటే, ఈ జీవితం చెప్పి ఆపుదాం.