నిలువ నీడలేనివారికి నెలవు: పండిత రమాబాయి జీవితము

1858వ సంవత్సరాంతమున పడమటి కనుమల యందలి గంగామూల అరణ్యమునుండి ఒక బ్రాహ్మణ కుటుంబము మైదానమునకు దిగివచ్చుచుండెను. ఒక మనుష్యుని తలపైనున్న బెత్తపు పెట్టెలో ఆరు నెలల పసిబిడ్డ యుండెను. ఆ యేడు ఏప్రిల్ 23వ తేదీన జన్మించిన ఆ బిడ్డయే పండిత రమాబాయి. ఆనాడు ఇల్లు విడిచిన ఆమె, నడుమ పందొమ్మిది నెలల కాపురమును మినహాయించినచో, ముప్పదియేండ్లు వచ్చువరకు తనదని చెప్పుకొనదగిన గృహము నెరుగదు. అటుపిమ్మట ఆమె నిలిపిన కప్పుల క్రింద ఒకే కాలమున రెండువేలకు చేరువగా స్త్రీలును, బిడ్డలును తలదాచుకొనిరి.

ఆమె తండ్రి అనంతశాస్త్రి డోంగ్రే గొప్ప సంస్కృత పండితుడు. యౌవనమున పూనాలో విద్యార్థిగా నుండగా, తన గురువు పేష్వాగారి పత్నికి సంస్కృతము బోధించుట ఆయన కంటబడినది. తన భార్యకును అట్లే చెప్పవలెనని సంకల్పించెను గాని ఇంటి పెద్దలు సాగనీయలేదు. ఆమె మరణానంతరము గోదావరీతీరమున తొమ్మిదేండ్ల బాలిక లక్ష్మీబాయిని వివాహమాడి, తన పట్టుదల నామెయెడల నెరవేర్చుకొనెను. స్త్రీవిద్యకై పోరాడిన పండితుడే నలువది దాటిన వయసున పసిపిల్లను పెండ్లాడుట నేటివారికి వింతగా తోచును. ఆ కాల మట్టిది. స్త్రీకి దేవభాష నేర్పుట దోషమని ఉడిపిలో పండితులు ఆయనను నిలదీయగా, శాస్త్రప్రమాణములతోనే ఆయన తన పక్షమును సమర్థించుకొనెను. అరణ్యమున ఆశ్రమము కట్టుకొని విద్యార్థులకును, అతిథులకును అన్నము పెట్టి పెట్టి అప్పులపాలైన పిదప తీర్థయాత్రలే ఆ కుటుంబమునకు సంసారమైనది.

తల్లియే రమాబాయికి గురువు. తెల్లవారుజామున, ఇంటిపనులు మొదలుకాకముందే, పాఠము జరుగుచుండెను. ఆ విధముగా విని విని పదునైదేండ్లు నిండునప్పటికి బాలిక భాగవతమునందలి పదునెనిమిదివేల శ్లోకములను కంఠస్థము చేసెను. ఆలయ మండపములలోను, చెరువుగట్ల మీదను కుటుంబమంతయు కూర్చుండి పురాణము చదువగా, శ్రోతలు బియ్యము, పండ్లు, వస్త్రములు, కాసులు సమర్పించుచుండిరి. ఆ ఇంట కూలిపనిగాని చేతివృత్తిగాని తెలిసినవారు లేరు. లోకవ్యవహారమునకు పనికివచ్చు చదువును తండ్రి తన బిడ్డలకు నేర్పలేదు. ఈ సంగతి రమాబాయి జీవితకాలమంతయు మరువలేదు.

కరవు వచ్చెను. శ్రోతల ఇండ్లలోనే గింజలు లేనప్పుడు పురాణమునకు సంభావన ఎవరిత్తురు? నగలు పోయినవి, పాత్రలు పోయినవి. చేతనున్న కొద్ది ధనమును పుణ్యము కొరకు దానము చేసిరి. చివరకు ప్రాణములు విడువ నిశ్చయించుకొని ఆ కుటుంబము మన తిరుపతి కొండల చుట్టునున్న అడవిలో ప్రవేశించెను. పదునొకండు దినములు నీరు, ఆకులు, గుప్పెడు ఈతపండ్లు మాత్రమే వారి కాహారము. కన్నుచూపు మందగించిన ముదుసలి తండ్రి ఒక పుష్కరిణిలో మునిగి దేహత్యాగము చేయబోయెను. అప్పుడు కుమారుడు శ్రీనివాసుడు కులాభిమానమును విడిచి కూలి చేసియైనను పోషింతునని ముందుకు వచ్చెను. ఆ మాట పలుకుట కంతకాలము పట్టినది. ఆలస్యమైపోయినది. కొలది దినములలోనే తండ్రి మరణించెను. అది 1874వ సంవత్సరము.

మిగిలినవారు నడచి నడచి నిజాం రాజ్యమందలి రాయచూరు చేరిరి. జ్వరమున పలవరించు తల్లి రొట్టెముక్క యడుగుచుండెను. రమాబాయి పొరుగింటి వాకిట నిలిచెను గాని యాచించుటకు నోరు రాలేదు. ఆ ఇల్లాలు గ్రహించి ఇచ్చిన రొట్టెను తెచ్చి తల్లి ముందు పెట్టునప్పటికి, దానిని తినుటకు తల్లికి శక్తి లేకుండెను. శవమును మోయుటకు మొదట ఎవరును రాలేదు. తుదకు ఇద్దరు బ్రాహ్మణులు జాలిపడి వచ్చిరి. మూడుమైళ్ళ దూరమునగల శ్మశానమునకు అన్నయు, చెల్లెలును వారితో కలసి పాడె నెత్తిరి. పొట్టిదగుటచే రమాబాయి తన కొసను భుజమున గాక తలపై మోసెను. అనతికాలములో అక్కయు మరణించెను.

మిగిలిన ఇద్దరును నాలుగువేల మైళ్ళు కాలినడకన తిరిగిరి. జీలం నదీతీరమున చలికి కప్పుకొన వస్త్రము లేక, ఇసుకలో గుంటలు త్రవ్వి, వానిలో పరుండి, ఇసుకనే కప్పుకొని రాత్రులు గడపిరి. 1878లో కలకత్తా చేరిరి. అచ్చటి పండితులు ఈ ఇరువదేండ్ల కన్యయొక్క సంస్కృత వాగ్ధోరణికి ఆశ్చర్యపడి, పరీక్షించి, పండిత, సరస్వతి యను బిరుదముల నిచ్చిరి. నిన్నటివరకు రొట్టెముక్క పుట్టనిచోట నేడు సభలు, సన్మానములు. కాని అన్న శ్రీనివాసుడు 1880లో మరణించుటతో ఆమెకు రక్తసంబంధీకులలో తోడుగ నిలుచువారు లేకపోయిరి.

అదే సంవత్సరమున ఆమె బిపిన్ బిహారీ దాస్ మేధావి యను వంగదేశీయ న్యాయవాదిని వివాహమాడెను. ఆయన శూద్రుడు. ఇరువురకును సాంప్రదాయిక మతకర్మలపై విశ్వాసము సడలియుండుటచే పౌరవివాహము చేసికొనిరి. 1881 ఏప్రిల్ 16న కుమార్తె జన్మించెను. మనోరమ యని పేరిడిరి. 1882 ఫిబ్రవరి 4న కలరా భర్తను కబళించెను. ఇరువదిమూడేండ్ల తల్లి, పది నెలలు నిండని బిడ్డ. కులము వెలివేసినది గనుక అత్తిల్లు లేదు. పుట్టిల్లు మొదటినుండియు లేదు. నిలువ నీడలేని తల్లి యన నెట్టిదో ఆమె గ్రంథములు చదివి తెలిసికొనవలసిన యవసరము లేకుండెను.

ఆమె పూనాకు వచ్చి రానడే మున్నగు సంస్కర్తల సహాయమున ఆర్యమహిళా సమాజమును స్థాపించెను. స్త్రీధర్మనీతి యను మరాఠీ గ్రంథమును ప్రకటించెను. ఆ 1882లోనే విద్యావిషయమై విచారించుటకు వచ్చిన హంటర్ సంఘము ఎదుట సాక్ష్యమిచ్చెను. బాలికల పాఠశాలలకు ఉపాధ్యాయినులు కావలెననియు, స్త్రీలకు వైద్యవిద్య నేర్పవలెననియు ఆ సాక్ష్యమునందు కోరెను. ఉపాధ్యాయ వృత్తిలో నున్నవారు ఈ ఘట్టమును గుర్తుంచుకొనదగును. స్త్రీకి విద్య యను మాట నాటికి పలువురు పలికిరి. బోధించుట స్త్రీకి జీతము తెచ్చు వృత్తి కావలెనని కోరుట అంతకంటె మిక్కిలి యరుదు.

వైద్యవిద్య కొరకని 1883లో బిడ్డతోగూడ ఆమె ఇంగ్లండుకు పోయెను. చెవుడు కారణముగా వైద్యము సాగలేదు. వాంటేజిలోని క్రైస్తవ సన్యాసినులు ఆమెకు ఆశ్రయమిచ్చిరి. వారు లండనులోని ఫుల్హాం ప్రాంతమున తాము నడుపు శరణాలయమును ఆమెకు చూపిరి. సంఘము పతితలని ముద్రవేసి గెంటిన స్త్రీలను అచ్చట చేరదీసి, పని నేర్పి, గౌరవముగ బ్రతుకనిచ్చుచుండిరి. అట్టివారిని దండింపవలెననియే ఆమె అంతవరకు చదివియుండెను. ఆ దృశ్యము ఆమెను కదలించెను. ఆ సెప్టెంబరు 29న తల్లియు, కుమార్తెయు క్రైస్తవమతమును స్వీకరించిరి. స్వదేశమున ఆమె నాదరించిన పలువురకు ఇది శరాఘాతమైనది.

1886లో ఆమె అమెరికా చేరెను. ఫిలడెల్ఫియాలో ఆనందీబాయి జోషీ వైద్యపట్టము నందుకొను సభకు పిలుపు వచ్చుటయే నెపము. కొలది వారములకని పోయి, రెండేండ్లకు మించి నిలిచెను. శిశువిద్యాపద్ధతిని అభ్యసించెను. ఉన్నత కులములందలి హిందూస్త్రీల స్థితిని గూర్చి ఆంగ్లమున గ్రంథము వ్రాసి, ఊరూరను ఉపన్యసించెను. 1887 డిసెంబరులో బోస్టనులో రమాబాయి పేర ఒక సంఘమేర్పడి, వితంతువుల ఆశ్రమమునకు పదేండ్లు ధనమిచ్చుట కంగీకరించెను.

1889 మార్చి 11న బొంబాయిలో చౌపాటీ సమీపమున శారదాసదనము తెరవబడెను. మొదట చేరినవారిద్దరే. వారిలో గోదూబాయి యను బాలవితంతువు ఒకతె. వితంతువులకు తలగొరిగించి మూలగదిలో నుంచు కాలమున, అచ్చట వారు చదువుకొనుచుండిరి. వారు తమ ఆచారముల ననుసరించి భుజించుటకు ఏర్పాటు కలదు. మతబోధ జరుగదని వాగ్దానము. 1890లో సదనము పూనాకు మారినది. రమాబాయి తన గదిలో ప్రార్థన చేసికొనునప్పుడు తలుపులు మూసికొనలేదు. కొందరు బాలికలు పోయి కూర్చుండసాగిరి. పత్రికలు దుమారము లేపెను. తిలకుగారి కేసరి తీవ్రముగా విమర్శించెను. 1893లో రానడే, భండార్కరు మొదలగువారు సలహాసంఘమునుండి తొలగిరి. ఇరువదైదుమంది వరకు బాలికలను వారి సంరక్షకులు తీసికొనిపోయిరి.

తప్పెవరిది? తలుపు మూసికొమ్మని ఆమెను శాసించుట యుక్తము కాదు. ఆకలితోను, అవమానముతోను వచ్చి, అన్నము పెట్టిన తల్లి దైవమునే మ్రొక్కు బాలిక యెంతవరకు స్వతంత్రురాలో చెప్పుటయు సులభము కాదు. ఈ రెండు సత్యములును ఒకదాని నొకటి కొట్టివేయవు. ఆ వివాదము నడచిన 1893లోనే గోదూబాయిని ధొండో కేశవ కర్వే వివాహమాడెను. 1896లో ఆయన పూనాలో స్థాపించిన అనాథ బాలికాశ్రమము, హిందువులే నడుపు వితంతు శరణాలయమై పెరిగినది. రమాబాయిని నిందించినవారిలో ఎందరు అట్టి పనికి పూనుకొనిరో లెక్కించినచో కర్వేగారి విలువ బోధపడును.

అమెరికా వారి పదేండ్ల గడువు తీరుసరికి ఆశ్రమము తన కాళ్ళపై నిలువవలెనని, పూనాకు ముప్పది మైళ్ళ పైచిలుకు దూరమున కేడ్గాఁవ్ వద్ద నూరెకరముల వరకు భూమి కొని, ఆమె పండ్లతోట వేయించెను. చెట్లింకను కాపునకు రాకముందే 1896-97 నాటి కరవు మధ్యపరగణాలను ముట్టడించెను. ఆ వార్త విన్న రమాబాయి తిరుపతి అడవినుండి లేచివచ్చిన మనిషి వలె బయలుదేరెను. సహాయ శిబిరములలో ఆకటికంటె ఘోరమైన దృశ్యములను చూచెను. దిక్కులేని యువతులను గుప్పెడు గింజలాశపెట్టి కొనిపోవు దుర్మార్గులు శిబిరముల చుట్టును తిరుగుచుండిరి. ఉన్నత కులముల వితంతువులకని వేసికొన్న హద్దును ఆమె అచ్చటనే తుడిచివేసెను. మూడువందలమందిని తెచ్చెను. అస్థిపంజరములై, పుండ్లతో, పేలతో నున్న వారిని కడుగుట, గంజి త్రాగించుట మొదటిపని. అక్షరము తరువాత.

ఇంతలో పూనాలో ప్లేగు వ్యాపించెను. క్రొత్తవారిని నగరమున నుంచరాదని అధికారులు శాసింపగా వారినందరను కేడ్గాఁవ్ పొలమునకు తరలించెను. గుడారములు, గడ్డిపాకలు. ముక్తిసదనము పుట్టుక అది. ప్లేగు వైద్యాలయములలో స్త్రీలకు జరుగు అన్యాయములను ఆమె 1897లో పత్రికాముఖమున బయటపెట్టగా ఆ విషయము బ్రిటిషు పార్లమెంటు వరకు పోయినది. తెల్లవారి ధనముతో ఆశ్రమము నడుపు స్త్రీ తెల్లదొరతనమును ప్రశ్నించుట కొందరు ఎదురుచూడని విషయము.

1900లో గుజరాతు కరవు మరికొన్ని వందలమందిని అచ్చటికి చేర్చెను. బావులు త్రవ్విరి, రాతికట్టడములు లేచినవి. రమాబాయి అన్నమును ఊరక పెట్టలేదు. రాయచూరులో రొట్టె యడుగలేక నిలిచిన సంస్కృత పండితురాలికి, పని తెలియని చదువును చదువులేని పనియు రెండును చాలవని తెలియును. అందుచే ప్రతి స్త్రీయు కొంతసేపు బడిలోను, కొంతసేపు పనిలోను ఉండవలెను. నేత, కుట్టుపని, బుట్టలల్లుట, గానుగ, పాడి, చాకలిపని, వ్యవసాయము. ముద్రణాలయమునందు అక్షరములు కూర్చువారును స్త్రీలే. శారదాసదనమున చదువుకొన్నవారే కరవుబిడ్డలకు సంరక్షకురాండ్రును, పంతులమ్మలునై నిలిచిరి. పసిబిడ్డలకు ఆటపాటల బడి. మగపిల్లలకు వేరొక సదనము. ముసలివారికి ప్రీతిసదనము. ఫుల్హాంలో చూచినది మరువక, సంఘము వెలివేసిన స్త్రీల కొరకు కృపాసదనము నెలకొల్పెను. మనోరమ అంధులకు తడిమి చదువు బ్రెయిలీ లిపిని అభ్యసించి వచ్చి, చూపులేని బాలికలకు చదువును, వృత్తులను నేర్పించెను.

శారదాసదనమునందలి మతతటస్థత ముక్తిసదనమున లేదు. అది బాహాటముగ క్రైస్తవ సంస్థయే. అయినను చీరకట్టు, మరాఠీభాష, నేలపై భోజనము, శాకాహారమునెడల ఆమె నియమము చెక్కుచెదరలేదు. తుదిదినములలో ఆమె హీబ్రూ, గ్రీకు భాషలను నేర్చి, బైబిలును సామాన్యస్త్రీలకు తెలియు తేలిక మరాఠీలోనికి అనువదించుటకు పూనెను.

తల్లి భారమును మనోరమ క్రమముగా తలకెత్తుకొనెను. నిజాం రాజ్యమందే గుల్బర్గాలో పాఠశాల నెలకొల్పి, అటు ఇటు తిరుగుచు శ్రమించి, 1921 జులై 24న మరణించెను. వేలమందికి తల్లియైన స్త్రీకి ఉన్న ఒక్క బిడ్డయు పోయినది. రమాబాయి అనువాదము ప్రతులను దిద్దుట మానలేదు. ఆ పని ముగించి, 1922 ఏప్రిల్ 5న కేడ్గాఁవ్‌లో కన్నుమూసెను. ముక్తిసదనపు స్త్రీలు కూర్చి అచ్చొత్తిన ఆ గ్రంథము 1924లో వెలువడినది. దిక్కులేని స్త్రీలకును, బిడ్డలకును ఆ పొలమున నేటికిని ఆశ్రయము దొరకుచున్నది.