మామా కాస్: గొంతును మరిపించిన రెండు కట్టుకథలు

1974 జులై 29న లండన్‌లోని మేఫెయిర్‌లో ఒక ఫ్లాట్‌లో అమెరికన్ గాయని కాస్ ఇలియట్ నిద్రలోనే చనిపోయారు. అప్పటికి ఆమె వయసు 32 ఏళ్లు. రెండు రోజుల ముందే లండన్ పలేడియంలో రెండు వారాల ప్రదర్శనలు ముగించారు. ప్రేక్షకులు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు.

పోస్ట్‌మార్టంలో గుండె ఆగిపోవడమే మరణానికి కారణమని తేలింది. గొంతులో ఆహారం లేదు. ఒంట్లో మత్తుమందుల జాడ లేదు. కానీ ఆ నివేదిక వచ్చేలోపే ఇంకో కథ ప్రపంచాన్ని చుట్టేసింది. పంది మాంసం పెట్టిన శాండ్‌విచ్ గొంతుకు అడ్డుపడి ఆమె చనిపోయారన్నది ఆ కథ. యాభై ఏళ్లు దాటినా దాన్ని నిజమనుకునేవాళ్లు ఇంకా ఉన్నారు.

అసలు ఆమె కెరీర్ కూడా ఒక కట్టుకథతోనే మొదలైంది. ఆ కథకూ, ఈ కథకూ మూలం ఒకటే. అది ఆమె లావు.

బాల్టిమోర్ అమ్మాయి

కాస్ అసలు పేరు ఎలెన్ నవోమీ కోహెన్. 1941 సెప్టెంబర్ 19న అమెరికాలోని బాల్టిమోర్‌లో ఒక యూదు కుటుంబంలో పుట్టారు. తాతలు రష్యా నుంచి వలస వచ్చినవారు. తండ్రి రకరకాల వ్యాపారాలు చేశారు. బండి మీద భవన నిర్మాణ కూలీలకు భోజనం అమ్మడం వాటిలో ఒకటి.

కాస్ నటి కావాలని న్యూయార్క్ వెళ్లారు. 1962లో ఒక బ్రాడ్‌వే నాటకంలో పాత్ర కోసం ప్రయత్నించారు. ఆ అవకాశం అప్పటికి ఎవరికీ పెద్దగా తెలియని బార్బరా స్ట్రైసాండ్‌కు దక్కింది. ఆ తర్వాత కాస్ జానపద గీతాల వైపు మళ్లారు. 'ది బిగ్ త్రీ', 'ది మగ్‌వంప్స్' బృందాల్లో పాడారు. రెండోదాంట్లో కెనడా గాయకుడు డెన్నీ డోహర్టీ ఆమెకు తోడు. ఆ బృందం నిలబడలేదు. డెన్నీ వెళ్లి జాన్ ఫిలిప్స్, మిషెల్ ఫిలిప్స్ దంపతులతో కలిశారు.

దీవుల్లో పుట్టిన కథ

1965లో ఈ ముగ్గురూ కరీబియన్ సముద్రంలోని వర్జిన్ ఐలాండ్స్‌కు వెళ్లారు. మన నికోబార్‌కూ ఆ దీవులకూ ఒక పాత చుట్టరికం ఉంది. రెండుచోట్లా ఒకప్పుడు డెన్మార్క్ జెండా ఎగిరింది. నికోబార్ మీద హక్కులను డెన్మార్క్ 1868లో బ్రిటన్‌కు అమ్మింది. కరీబియన్ దీవులను 1917లో అమెరికాకు అమ్మింది.

కాస్ కూడా అక్కడికి చేరారు. ఒక క్లబ్బులో వెయిట్రెస్‌గా పనిచేశారు. మిగతా ముగ్గురు వేదిక మీద పాడుతుంటే ఆమె బల్లలకు పానీయాలు అందించేవారు. జాన్ ఆమెను బృందంలో చేర్చుకోవడానికి ఒప్పుకోలేదు. పై స్వరాలు ఆమె గొంతులో పలకడం లేదన్నది ఆయన చెప్పిన కారణం.

తర్వాత ఏం జరిగిందో 1968లో ఒక ఇంటర్వ్యూలో కాస్ స్వయంగా చెప్పారు. పనులు జరుగుతున్న చోట ఒక ఇనుప గొట్టం వచ్చి ఆమె నెత్తిన పడిందట. ఆసుపత్రి నుంచి వచ్చాక గొంతు మూడు స్వరాలు పైకి వెళ్లిందట. దాంతో బృందంలో చోటు దొరికిందట.

వినడానికి ముచ్చటగా ఉన్న ఈ కథను పత్రికలు ఏళ్ల తరబడి అచ్చేశాయి. బృందానికి దగ్గరివాళ్లు తర్వాత చెప్పిన సంగతి వేరు. ఆమె గొంతు ముందు నుంచీ అలాగే ఉంది. లావుగా ఉన్న మనిషి పక్కన ఉంటే బృందం చూడ్డానికి బాగుండదని జాన్ అనుకున్నారు. ఆ మాట పైకి చెప్పుకోవడం కన్నా నెత్తిన గొట్టం పడిందని చెప్పడం కాస్‌కు తేలికైంది.

ఎండ పాటలు, బబుల్‌గమ్ పాటలు

నలుగురూ లాస్ ఏంజిలిస్ చేరాక 'ది మామాస్ అండ్ ది పాపాస్' బృందం పుట్టింది. తెలుగు చెవికి మామ అంటే మేనమామ గుర్తొస్తాడు కానీ ఇక్కడ మామా అంటే అమ్మ. 1965 చివర్లో వచ్చిన 'కాలిఫోర్నియా డ్రీమిన్' వాళ్లను దేశమంతటికీ పరిచయం చేసింది. 1966 మే నెలలో 'మండే, మండే' అమెరికాలో మొదటి స్థానానికి చేరింది. గ్రామీ కూడా తెచ్చింది.

పలు గొంతులు ఒకదానిపై ఒకటి పేర్చి, కాలిఫోర్నియా ఎండలా వెచ్చగా వినిపించే ఈ తరహా పాటలకు తర్వాతి కాలంలో సన్‌షైన్ పాప్ అనే పేరు స్థిరపడింది. ది అసోసియేషన్, ది ఫిఫ్త్ డైమెన్షన్ బృందాలదీ ఇదే దారి. దీనికి చుట్టమే బబుల్‌గమ్ పాప్. పిల్లల కోసం, సులువుగా నోటికి పట్టేలా నిర్మాతలు స్టూడియోల్లో వండిన పాటలవి. 1969లో 'షుగర్, షుగర్' పాటతో మొదటి స్థానానికి వెళ్లిన ది ఆర్చీస్ అసలు మనుషులే కాదు, కార్టూన్ బొమ్మలు.

బొమ్మలకు బరువుతో పని లేదు. కాస్‌కు ఆ వెసులుబాటు లేదు. 1967 జూన్‌లో మాంటెరీ పాప్ ఫెస్టివల్‌ను ముగించింది ఆమె బృందమే. అదే రోజు మధ్యాహ్నం పండిట్ రవిశంకర్ సితార్ వినిపించిన వేదిక అది. ఆ పండగ మీద తీసిన సినిమాలో, జానిస్ జాప్లిన్ పాట వింటూ నోరు తెరిచి ఉండిపోయిన కాస్ కనిపిస్తారు. 1968కల్లా బృందం చెదిరిపోయింది.

ఆకలితో వేదిక మీదకు

'డ్రీమ్ ఎ లిటిల్ డ్రీమ్ ఆఫ్ మీ' అనే 1931 నాటి పాటను కాస్ 1968లో మళ్లీ పాడి హిట్ చేశారు. రికార్డు మీద కంపెనీ మామా కాస్ అని వేసింది. ఆ పేరంటే ఆమెకు గిట్టదు. కానీ అమ్ముడుపోయేది అదే.

ఆ ఏడాది అక్టోబర్‌లో లాస్ వేగస్‌లోని సీజర్స్ ప్యాలెస్‌లో సొంత ప్రదర్శనకు ఒప్పందం కుదిరింది. దానికోసం ఆమె నెలల తరబడి కటిక ఉపవాసాలు చేసి దాదాపు 45 కిలోలు తగ్గారు. కడుపులో పుండ్లు పడ్డాయి, గొంతు దెబ్బతింది. మంచం పట్టిన మనిషి లేచి వేదికెక్కారు. గొంతు పెగల్లేదు. ప్రదర్శన ఆగిపోయింది.

మరుసటి ఏడాది నిర్మాత స్టీవ్ బ్యారీతో 'బబుల్‌గమ్, లెమనేడ్ అండ్... సమ్‌థింగ్ ఫర్ మామా' అనే ఆల్బమ్ చేశారు. పేరులోనే బబుల్‌గమ్ ఉన్నా, పాడిన గొంతు మాత్రం పెద్దవాళ్లది. 'మేక్ యువర్ ఓన్ కైండ్ ఆఫ్ మ్యూజిక్' కూడా 1969 పాటే. ఎవరేమన్నా మన దారి మనదే అనే అర్థం ఉన్న ఆ పాట ఆమె గొంతులో సొంత మాటలా వినిపించింది.

టీవీలో ఆమెకు పని దొరికేది. కానీ లావు మీద జోకులు వేసుకోవడం అందులో భాగమయ్యేది. మన సినిమాల్లో లావుపాటి నటి తెర మీదకు రాగానే నేపథ్యంలో డోలు మోగించే అలవాటు తెలిసినవాళ్లకు ఇది కొత్త కాదు. 1973లో ఇక తనను మామా అని పిలవొద్దని చెప్పే పేరు పెట్టి టీవీ కార్యక్రమం, ఆల్బమ్ చేశారు. మరుసటి ఏడాదే మరణించారు. ఏళ్ల తరబడి బరువు తగ్గుతూ పెరుగుతూ రావడం గుండెను బలహీనపరిచిందన్న అభిప్రాయం ఆమె గురించి రాసినవారిలో ఉంది.

శాండ్‌విచ్ ఎక్కడి నుంచి వచ్చింది?

ఫ్లాట్‌కు ముందుగా వచ్చిన డాక్టర్ మంచం పక్కన శాండ్‌విచ్ చూశారు. అది గొంతుకు అడ్డుపడి ఉండొచ్చని పత్రికలకు చెప్పేశారు. నిజానికి దాన్ని ఎవరూ ముట్టుకోనే లేదు. హాలీవుడ్ రిపోర్టర్ పత్రికలో అప్పట్లో కాలమ్ రాసిన ఒక జర్నలిస్టు చాలా ఏళ్ల తర్వాత ఇంకో సంగతి బయటపెట్టారు. కాస్ మేనేజర్ అలన్ కార్ కోరడంతోనే తాను అలా రాశానని చెప్పారు. మత్తుమందుల వల్ల చనిపోయారన్న మాట వస్తుందేమోనని మేనేజర్ భయపడ్డారట.

అంటే పరువు కాపాడబోయి జీవితాన్నే జోకుగా మార్చారు. ఆమె పోయేనాటికి ఏడేళ్ల వయసున్న కూతురు ఆ జోకు వింటూ పెరిగారు.

ఇక్కడ జర్నలిస్టులు గమనించాల్సిన సంగతి ఒకటుంది. ఈ రెండు కథలనూ పత్రికలు ప్రశ్న అడగకుండా అచ్చేశాయి. దెబ్బ తగిలితే గొంతు పెరుగుతుందా అని ఎవరూ డాక్టర్‌ను అడగలేదు. పోస్ట్‌మార్టం నివేదిక వచ్చాక దిద్దుబాటుకు దక్కిన చోటు చాలా తక్కువ. లావుపాటి మనిషి తిండి వల్లే పోయి ఉంటారన్న నమ్మకం పాఠకుల్లో ముందే ఉంది. వార్త దానికి సరిగ్గా అతికింది. అబద్ధం ఎప్పుడూ అలా ముందే ఉన్న నమ్మకం మీదే వాలుతుంది.

1998లో 'రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్' ఆమె బృందానికి చోటిచ్చింది. 2022 అక్టోబర్‌లో హాలీవుడ్ వాక్ ఆఫ్ ఫేమ్ మీద ఆమె పేరుతో నక్షత్రం వెలసింది. 'మేక్ యువర్ ఓన్ కైండ్ ఆఫ్ మ్యూజిక్' ఈ మధ్య షార్ట్ వీడియోల్లో మళ్లీ మోగింది. ఆ వీడియోలు చేసిన పిల్లల్లో చాలామందికి శాండ్‌విచ్ కథ తెలియదు. వాళ్లు ముందు పాట విన్నారు. కాస్ ఇలియట్‌ను తెలుసుకోవడానికి సరైన వరస అదే.