గాలిపల్లి నుంచి పెద్దల సభకు: కామ్రేడ్ బద్దం ఎల్లారెడ్డి

రాజ్యసభ ఎన్నిక వచ్చినప్పుడల్లా కూలి సంఘం సభల్లో ఒక మాట వినపడుతుంది. ఆ ఎన్నికలో మనకు ఓటు లేదు, మన ఊళ్లో పెట్టె లేదు, ఇక దానితో మనకేం పని అని. ఈ ప్రశ్నకు జవాబు కావాలంటే పాత కరీంనగర్ జిల్లా సిరిసిల్ల తాలూకా గాలిపల్లి బిడ్డ బద్దం ఎల్లారెడ్డి బతుకును ఒకసారి తలుచుకోవాలి.

ఎల్లారెడ్డి 1906లో పుట్టాడు. అది నిజాం రాజ్యం. దొర గడీ ముందు నుంచి పోవాలంటే చెప్పులు చేతపట్టుకోవాలి. చాకలి, మంగలి, మాదిగ, కుమ్మరి, ఎవరికీ వెట్టి తప్పదు. తండ్రి చేసిన అప్పుకు కొడుకు జీతముండాలి. ఆదిలాబాద్ అడవుల్లో గోండులు, కోలాములు నరికి దున్నుకున్న భూమి మీద జంగ్లాత్ వాళ్ల జులుం. ఆ జులుంను ఎదిరించినందుకే 1940లో జోడేఘాట్‌లో కొమరం భీం ప్రాణం తీశారు.

1935లో ఆంధ్ర మహాసభ సిరిసిల్లలోనే జరిగింది. మాడపాటి హనుమంతరావు అధ్యక్షుడు. అప్పటికి మహాసభ పని అర్జీలు, తీర్మానాలు, గ్రంథాలయాలు. అర్జీలతో గడీ తలుపులు తెరుచుకోవని తెలుసుకున్న వాళ్లు రావి నారాయణరెడ్డి, ఎల్లారెడ్డి వంటివాళ్లు. 1944 భువనగిరి సభతో మహాసభ వీళ్ల చేతికి వచ్చింది. అప్పటినుంచి జనం నోట అది 'సంఘం' అయింది. చీటీ రాయించుకుంటే వెట్టి బందవుతుందన్న ధైర్యం ఊరూరా పాకింది.

1947 సెప్టెంబర్ 11న నిజాం మీద ఆయుధాలు పట్టమని పిలుపు ఇచ్చింది ముగ్గురు. రావి నారాయణరెడ్డి, మఖ్దూం మొహియుద్దీన్, బద్దం ఎల్లారెడ్డి. ఆ పిలుపు అందుకుని పటేలు పట్వారీల దస్త్రాలు తగలబెట్టిన అనభేరి ప్రభాకరరావు, సింగిరెడ్డి భూపతిరెడ్డి దళం 1948 మార్చి 14న మహ్మదాపూర్ గుట్టల్లో నేలకొరిగింది. పన్నెండు మంది వీరులు ఒక్కనాడే పోయారు. కరీంనగర్ పల్లెలు ఆ దినాన్ని నేటికీ మరువలేదు.

1951 అక్టోబర్‌లో పోరాటం ఆగింది. 1952 ఎన్నికల నాటికి హైదరాబాద్ రాష్ట్రంలో పార్టీ మీద నిషేధం పోలేదు. అందుకే పీపుల్స్ డెమోక్రటిక్ ఫ్రంట్ పేరున పోటీ. కరీంనగర్ అప్పుడు ఇద్దరు సభ్యుల నియోజకవర్గం. షెడ్యూల్డ్ కులాల ఫెడరేషన్ నుంచి ఎం.ఆర్. కృష్ణ, ఫ్రంట్ నుంచి ఎల్లారెడ్డి గెలిచారు. నిన్నటిదాకా పోలీసులు వెతికిన మనిషిని పేదలు లోక్‌సభకు పంపారు.

ఇక 1964. ఎల్లారెడ్డి రాజ్యసభకు ఎన్నికయ్యాడు. ఇది ఎట్లా సాధ్యమైందో కూలన్నలు లెక్క కట్టి చూడాలి. రాజ్యసభ సభ్యుణ్ణి ఎన్నుకునేది ఎమ్మెల్యేలు. ఖాళీల సంఖ్యకు ఒకటి కలిపి, ఆ అంకెతో ఓట్లను భాగిస్తే గెలుపుకు కావలసిన లెక్క తేలుతుంది. 300 మంది ఉన్న సభలో ఆరు ఖాళీలైతే 43 ఓట్లు చాలు. 1962లో ఆంధ్రప్రదేశ్‌లో కమ్యూనిస్టులు గెలిచిన సీట్లు 51. అంటే పల్లెల్లో కూలీలు, పేద రైతులు వేసిన ఓటే రెండు మెట్లెక్కి ఢిల్లీలో కుర్చీ అయింది.

ఆయన పదవి మొదలైంది ఏప్రిల్ మొదటి వారంలో. ఆ నెలలోనే పార్టీ జాతీయ కౌన్సిల్ నుంచి 32 మంది బయటికి నడిచారు, ఏడాది తిరక్కుండా పార్టీ రెండైంది. ఎల్లారెడ్డి సీపీఐలోనే ఉండిపోయాడు. 51 మంది బలం చీలినాక అటువంటి సీటు మళ్లీ గెలవడం ఎంత కష్టమో వేరే చెప్పాలా?

ఆ సభకు ఉన్న హద్దు కూడా దాచిపెట్టం. భూమి రాష్ట్రాల అధికారంలోది. భూపరిమితి చట్టం రాజ్యసభలో తయారుకాదు. అయితే ఆ సభలో ఒక్క సీటు విలువ ఎంతో 1970 సెప్టెంబర్ 5న బయటపడింది. రాజభరణాల రద్దు బిల్లుకు అనుకూలంగా 149, వ్యతిరేకంగా 75 ఓట్లు పడ్డాయి. మూడింట రెండు వంతులకు ఒక్క ఓటు తగ్గింది. బిల్లు వీగిపోయింది. ఏటా భరణం తిన్న నిజాం వంశం మరికొంత కాలం తినగలిగింది. ఎల్లారెడ్డి పదవీకాలం ముగిసి అప్పటికి అయిదు నెలలే. 1971 చివరికి గాని ఆ భరణాలు రద్దు కాలేదు.

1972లో ఎల్లారెడ్డి ఇందుర్తి నుంచి శాసనసభకు గెలిచాడు. ఢిల్లీ చూసొచ్చిన మనిషి మళ్లీ మన పల్లెల ఓటే అడిగాడు.

నేడు తెలంగాణకు రాజ్యసభలో ఏడు సీట్లు. 119 మంది సభలో మూడు ఖాళీలైతే 30 ఓట్లు, రెండైతే 40 కావాలి. 2023లో సీపీఐకి దక్కింది ఒక్క ఎమ్మెల్యే. 2003 సవరణతో అభ్యర్థి ఆ రాష్ట్రం వాడై ఉండాలన్న నియమం పోయింది. డబ్బున్నవాడు ఎక్కడినుంచైనా వచ్చి నిలబడవచ్చు. గాలిపల్లి వంటి ఊరి మనిషికే దారి మూసుకుపోయింది.

ఆ దారి మూసుకుపోయింది ఢిల్లీలో కాదు, మన ఊరి పోలింగు బూతులో. నోటుకు, సీసాకు పోయిన ప్రతి ఓటూ రెండు మెట్ల పైన ఒక కుర్చీని దొరకు అప్పగిస్తుంది. రాజ్యసభలో మనకు ఓటు లేదనుకునే కూలన్న ఈ సంగతి పట్టించుకోవాలి. సంఘం బలంగా ఉన్న నాడు గడీ ముందు వంగిన నడుమే లేచి నిలబడి ఎల్లారెడ్డిని పెద్దల సభకు పంపింది. మళ్లీ పంపాలంటే మొదలు పెట్టాల్సింది అక్కడే, సంఘం చీటీ దగ్గరే.