తొలి ఎన్నికల కమిషనరు సుకుమార్ సేన్

మన సంఘ సభ్యులలో ఎన్నికల డ్యూటీ చెయ్యనివారు అరుదు. బ్యాలెట్ పెట్టెకు లక్క సీలు వేసిన చేతులు మనవి. ఆ పద్ధతులకు పునాది వేసిన శ్రీ సుకుమార్ సేన్ గారిని ఈ ప్రత్యేక సంచికలో స్మరించుకుందాం.

వారు కలకత్తా ప్రెసిడెన్సీ కాలేజీలోను, లండన్‌లోను చదివి, గణితంలో బంగారు పతకం పొందారు. ఐ.సి.ఎస్.లో చేరి జిల్లాల్లో పనిచేశారు. జడ్జీగా కూడా ఉన్నారు. పశ్చిమ బెంగాల్ చీఫ్ సెక్రటరీగా ఉండగా, 1950 మార్చిలో ప్రధాన ఎన్నికల కమిషనరుగా ఢిల్లీకి వచ్చారు.

ఓటర్లు 17.6 కోట్ల మంది. వారిలో 85 శాతం చదువురానివారు. జాబితాలు టైపు చేయడానికి 16,500 మంది గుమాస్తాలను ఆరు నెలల కాంట్రాక్టుపై తీసుకున్నారు. ఉత్తరాదిలో ఎందరో స్త్రీలు తమ పేరు చెప్పక, ఫలానావారి భార్యననో, తల్లిననో రాయించారు. అటువంటి 28 లక్షల పేర్లను సేన్ తొలగించారు. గగ్గోలు పుట్టినా వెనక్కి తగ్గలేదు. వచ్చే ఎన్నికలనాటికైనా ఆ అలవాటు పోవాలని వారి ఉద్దేశం.

ఇష్టంలేని నిర్ణయం తీసుకున్న అధికారికి బదిలీ ఉత్తర్వు ఎంత త్వరగా వస్తుందో మనకు తెలుసు. సేన్ గారికి ఆ భయం లేదు. రాజ్యాంగం 324వ అధికరణం ప్రకారం ప్రధాన కమిషనరును సుప్రీంకోర్టు జడ్జీని తొలగించే పద్ధతిలోనే తొలగించాలి. దుష్ప్రవర్తనో, అసమర్థతో రుజువు కావాలి. ఉభయసభలలోను మొత్తం సభ్యులలో సగానికి మించి, ఓటు వేసినవారిలో మూడింట రెండు వంతులకు తగ్గకుండా ఒప్పుకోవాలి. నియామకం తరువాత సర్వీసు షరతులను వారికి నష్టం కలిగేలా మార్చరాదు.

తీసివేతకు ఇంత కట్టుదిట్టం చేసిన రాజ్యాంగం, నియామకాన్ని రాష్ట్రపతికి అప్పగించి, పద్ధతిని పార్లమెంటు చట్టానికి వదిలింది. ఎంపిక సంఘాన్ని ఏర్పరచే చట్టం 2023 డిసెంబరులో గాని రాలేదు. అందులో ప్రధాని, లోక్‌సభ ప్రతిపక్ష నాయకుడు, ఒక కేంద్రమంత్రి ఉంటారు. ముగ్గురిలో ఇద్దరు ప్రభుత్వం వారే కనుక చర్చ తీరలేదు. సేన్ వంటివారు దొరకడం మన అదృష్టం. అదృష్టం మీద వ్యవస్థ నడవరాదు కదా!

సేన్ 1953లో సుడాన్ ఎన్నికలు కూడా జరిపించారు. 1957 ఎన్నికలూ పూర్తిచేసి, 1958 డిసెంబరులో పదవి విడిచారు. 1960లో బర్ద్వాన్ విశ్వవిద్యాలయ తొలి వైస్ ఛాన్సలర్ అయ్యారు. తన జ్ఞాపకాలేవీ రాసిపెట్టలేదు. మనుమలు ఓటు వేసి వచ్చిన రోజున వారికి ఈ పేరు మనమే చెప్పాలి.