సినిమా లేని ఘంటసాల



ఘంటసాల పేరు చెప్పగానే మనకు సినిమా గుర్తొస్తుంది. తెర మీద ఎన్.టి. రామారావో, అక్కినేని నాగేశ్వరరావో పెదవులు కదుపుతుంటే వెనక నుంచి పలికిన కంఠం ఆయనది. 'దేవదాసు' (1953) తాగి తూలినా, 'పాతాళభైరవి' (1951) తోటరాముడు ప్రేమలో పడినా మనం విన్నది ఆ గొంతే. వందకు పైగా సినిమాలకు ఆయన సంగీతం కూడా కూర్చారు. ఈ ఘంటసాలను గురించి చాలామంది వ్రాశారు. నేను చెప్పదలచుకున్నది ఇంకో ఘంటసాలను గురించి. అక్కడ హీరో లేడు, నిర్మాత లేడు, సీను లేదు. ఒక కవి వ్రాసిన పద్యం, ఒక హార్మోనియం, ఒక గొంతు, అంతే! వాటినే ప్రైవేటు రికార్డులు అంటారు. సినిమాలన్నీ పక్కన పెట్టి ఈ రికార్డులు మాత్రమే మిగిలినా ఆయన మహాగాయకుడే అని నా వాదన.

ఘంటసాల వేంకటేశ్వరరావు 1922 డిసెంబరు 4న కృష్ణా జిల్లా గుడివాడ దగ్గర చౌటపల్లిలో పుట్టారు. తండ్రి సూరయ్య నారాయణతీర్థుల తరంగాలు పాడేవాడు, మృదంగం వాయించేవాడు. ఆయన భజనల్లో పాడుతుంటే ఈ పిల్లవాడు నాట్యం చేసేవాడట. చిన్నతనంలోనే తండ్రి పోయాడు. సంగీతం నేర్చుకోవాలన్నది తండ్రి చివరి కోరిక. ఇంట్లో చిల్లిగవ్వ లేదు. చేతి ఉంగరం అమ్మి ఆ డబ్బుతో విజయనగరం రైలెక్కాడు. ఇప్పుడు మనం హాస్టల్లో సీటు దొరక్కపోతే లోకం మునిగినట్టు బాధపడతాం కదా! ఆ పిల్లవాడు జోలె పట్టుకొని ఇల్లిల్లూ తిరిగి అడుక్కుతిని సంగీతం నేర్చాడు. చివరకు పట్రాయని సీతారామశాస్త్రిగారు చేరదీసి చదువు చెప్పారు. ఆ గురువుగారి కొడుకు సంగీతరావుగారే తర్వాత దాదాపు ఘంటసాల జీవితాంతం ఆయన దగ్గర సహాయకులుగా పనిచేశారు. గురువు ఋణం తీర్చడానికి ఇంతకన్నా మంచి దారి ఉంటుందా?

1942లో క్విట్ ఇండియా ఉద్యమంలోకి దిగి అరెస్టయ్యారు. బళ్ళారి దగ్గర అల్లీపురం జైల్లో పద్దెనిమిది నెలలు ఉన్నారు. 1944లో సావిత్రిగారితో పెళ్ళి. సినిమా రచయిత సముద్రాల రాఘవాచార్యులు ఆయన పాట విని మద్రాసు రమ్మన్నారు. మద్రాసులో మొదటి రోజులు పార్కులో పడుకొని గడిపారని చెప్తారు. కోరస్‌లో పాడారు, చిన్నచిన్న వేషాలు వేశారు, రేడియోలో పాడారు. గ్రామఫోను కంపెనీ వాళ్ళు మొదట వద్దన్నా, తర్వాత అక్కడే పనిచేస్తున్న పేకేటి శివరాం ఆయనకు ప్రైవేటు రికార్డు ఇచ్చే అవకాశం కల్పించారు. అంటే సినిమాల్లో పేరు రాకముందే ఈ దారి తెరుచుకుందన్నమాట.

నేను సైన్సు విద్యార్థిని. కాబట్టి ఆ రికార్డును గురించి రెండు ముక్కలు చెప్పకుండా ఉండలేను. ఆ రోజుల్లో రికార్డు నిమిషానికి 78 సార్లు తిరిగేది. పది అంగుళాల పళ్ళెం, ఒక్కో వైపు మూడు నిమిషాల చిల్లర. లెక్క వేయండి. 234 చుట్లు తిరిగేసరికి పాట ముగియాలి! ఆ పళ్ళెం దేనితో చేసేవారనుకున్నారు? లక్కతో. మా నారాయణఖేడ్ దిక్కు చేన్ల గట్ల మీద మోదుగ చెట్లు చూసే ఉంటారు. అటువంటి మోదుగ, కుసుమ, రేగు చెట్ల కొమ్మల మీద చిన్న పురుగు కట్టే లక్కను శుద్ధిచేసి, రాతిపొడి, మసి కలిపి అచ్చు పోసేవారు. కలకత్తా దగ్గర డమ్‌డమ్‌లో గ్రామఫోను కంపెనీ ఫ్యాక్టరీ ఉండేది. అంటే ఒక పురుగు కష్టం, ఒక గాయకుడి కష్టం కలిసి పాట అయ్యాయి. చెయ్యి జారితే పెంకులాగా పగిలిపోయేది కూడా!

ఈ మూడు నిమిషాల కొలతే ఘంటసాలను ఘంటసాలను చేసిందని నాకనిపిస్తుంది. మన నాటకాల వాళ్ళు పద్యం ఎత్తుకుంటే పద్యం తక్కువ, రాగం ఎక్కువ. జనం వన్స్‌మోర్ అంటుంటే తెల్లవారే దాకా లాగేవారు. రికార్డులో అలా కుదరదు. ఘంటసాల ఆ రాగం కత్తిరించి మాటను ముందుకు తెచ్చారు. ఏ మాట మీద బరువు వేయాలి, ఎక్కడ ఊపిరి ఆపాలి, ఏ అక్షరం దగ్గర గొంతు వణకాలి అన్నది చూసుకున్నారు. పద్యం అర్థం కావడానికి పండితుడు అక్కర్లేకుండా పోయింది. బడికి పోనివాడు కూడా విని కళ్ళు తుడుచుకున్నాడు.

ఇందుకు సాక్ష్యం 'పుష్పవిలాపం'. 'కరుణశ్రీ' జంధ్యాల పాపయ్యశాస్త్రిగారు వ్రాసిన పద్యాలవి. పూజకు పూలు కోయబోయినవాడితో పూలే మాట్లాడి, తమ ప్రాణం ఎందుకు తీస్తావని నిలదీస్తాయి. ఘంటసాల పద్యాలు పాడి, మధ్యలో మామూలు మాటల్లో కథ చెప్పారు. అదే కవిగారి 'కుంతి'ని కూడా పాడారు. పెళ్ళికాని తల్లి పసిబిడ్డను నీళ్ళలో వదిలే ఘట్టం అది. కవి పేరు తెలియని ఊళ్ళక్కూడా ఈ పద్యాలు చేరాయంటే అది ఆ రికార్డుల చలవే. మన తెలంగాణ కవి దాశరథి కృష్ణమాచార్యుల గీతాన్నీ పాడారు. నిజాం జైల్లో గోడల మీద బొగ్గుతో కవిత్వం వ్రాసిన దాశరథి, బళ్ళారి జైలు చూసి వచ్చిన ఘంటసాల. ఒక చక్కటి ప్రేమగీతంలో ఇద్దరూ కలిశారు. జానపదం ధోరణి పాటలు, వేంకటేశ్వరస్వామి మీద భక్తిగీతాలు, తిరుపతి వేంకటకవుల నాటక పద్యాలు, ఇలా ఎన్నో ఇచ్చారు. వీటిలో దేన్నీ ఏ హీరో కోసమూ పాడలేదు.

మా ఇంట్లో జరిగిన ముచ్చట ఒకటి చెప్తాను. మాది నారాయణఖేడ్ దగ్గర పల్లె. జొన్న, కంది, పత్తి వేసే ఇల్లు. ఒకవైపు కర్ణాటక, ఇంకోవైపు మహారాష్ట్ర, కాబట్టి మా మాటల్లో తెలుగుతోపాటు కన్నడం, మరాఠీ, ఉర్దూ అన్నీ ఉంటయ్. పోయిన దసరా సెలవుల్లో మా నాయనమ్మకు ఫోనులో పుష్పవిలాపం వినిపించాను. కృష్ణా జిల్లాయన గొంతు, గుంటూరు కవి పద్యం, అందులో సగం సంస్కృతం. ఆమెకేం అర్థమవుతుందిలే అనుకున్నారు ఇంట్లో వాళ్ళు. ఆమె ఒళ్ళో తంగేడు పూలు పెట్టుకొని బతుకమ్మకు సదురుతూ మొత్తం విన్నది. విని ఊరుకోలేదు, కొట్లాటకు దిగింది! పూలు ఏడుస్తయ్ అంటున్నడు గానీ, మా తంగేడు, మా గునుగు ఎన్నడన్నా ఏడ్చినయా, ఆడిబిడ్డలు పాటలు పాడుకుంట సాగనంపితే నవ్వుకుంట చెరువుకు పోతయ్ గదా అని ఆమె వాదన. అయినా మరునాడు ఆ పాట మళ్ళీ పెట్టమని తనే అడిగింది. మనిషితో వాదం పెట్టుకునేటంత దగ్గరికి వచ్చిన పద్యాన్ని ఇంకేమని మెచ్చుకోవాలి?

కానీ అదే నాయనమ్మ ఘంటసాల 'భగవద్గీత' మాత్రం ఇంట్లో పెట్టనివ్వదు. మా తాత పోయినప్పుడు మైకుసెట్టు తెచ్చి ఆ గీతే వినిపించారు. అప్పటినుంచి ఆ గొంతు శ్లోకం అందుకుంటే చాలు, ఆమె చేతిలో పని ఆగిపోతుంది. ఒక్క మా ఇంట్లోనే కాదు. పొద్దున్నే మైకులో ఆ గీత వినపడితే చేన్లో ఉన్నవాళ్ళు పని ఆపి, ఎవరు పోయిండ్రని ఒకరినొకరు అడుగుతారు. ఊరికి చావు కబురు తెచ్చే గొంతు అయిపోయింది అది.

ఆ గీత ఎలా పుట్టిందో తెలిస్తే ఈ సంగతి మరీ బాధ కలిగిస్తుంది. 1970లో పద్మశ్రీ వచ్చింది. 1971లో యూరప్, అమెరికాలు తిరిగి కచేరీలు చేసి వచ్చారు. మధుమేహం ముందునుంచీ ఉండేది. 1972లో మన హైదరాబాదు రవీంద్రభారతిలో పాడుతుండగానే గుండె నొప్పి వచ్చి ఆస్పత్రిలో చేరారు. లేచిన తర్వాత ఆయన మనసు సినిమా పాటల మీద లేదు. గీత పూర్తిచేయాలన్నదే పట్టుదల. ఏడువందల శ్లోకాల్లో నూరుకు పైచిలుకు ఏరి, తానే బాణీలు కట్టి, శ్లోకం పాడటం, వెంటనే తెలుగులో తాత్పర్యం చెప్పటం. ఇక్కడ ఒక్క సంగతి గమనించండి. పద్యం పాడి మధ్యలో మాట చెప్పటం పుష్పవిలాపంలోనే మొదలుపెట్టారు గదా, ఆ చిన్న పళ్ళెంలో వేసిన విత్తనమే ఇక్కడ చెట్టయింది. ఈసరికి లక్క పళ్ళేలు పోయి, నిమిషానికి ముప్ఫైమూడుంబావు పైచిలుకు చుట్లు తిరిగే ప్లాస్టిక్కు లాంగ్‌ప్లే రికార్డులు వచ్చాయి. ఒక్కో వైపు ఇరవై నిమిషాలకు పైగా పట్టేవి. మూడు నిమిషాల్లో ఇమడటం నేర్చిన మనిషికి మొదటిసారి కావలసినంత చోటు దొరికింది. అప్పటికి ఒంట్లో ఓపిక లేదు.

1974 ఫిబ్రవరి 11న మద్రాసులో ఆయన కన్నుమూశారు. వయసు 51 ఏళ్ళు. గీత రికార్డు జనం చేతికి వచ్చింది ఆ తర్వాతనే. తన రికార్డు ఇంటింటా మోగటం ఆయన చూడలేదు.

నన్నడిగితే గీత చావు పాట కానే కాదు. యుద్ధం మధ్యలో చెయ్యి వణికి విల్లు కింద పెట్టినవాణ్ణి లేపి నిలబెట్టి, నీ పని నువ్వు చెయ్యి అని చెప్పే గ్రంథం. దాన్ని పాడినవాడు కూడా జబ్బుతో ఉండి, తన పని తాను పూర్తిచేసిన మనిషి. వాన పడక రెండోసారి విత్తనం వేసే రైతుకు, పరీక్ష తప్పి మళ్ళీ కట్టే విద్యార్థికి వినపడవలసిన గొంతును మనం పాడె దగ్గర కట్టేశాం. అట్లాగని మా నాయనమ్మను తప్పుపట్టను. ఆమె దుఃఖం ఆమెది. ఆమె కొరకు గీత బదులు పుష్పవిలాపం పెడతాను, ఆమె కొట్లాడుతుంది, మంచిదే. కానీ మన తరానికి ఆ భయం ఎందుకు?

ప్రైవేటు రికార్డుల గతి ఇంకోరకం. సినిమా పాటకు సినిమా తోడుంటుంది. టీవీలో బొమ్మ వచ్చినప్పుడల్లా పాట మళ్ళీ బతుకుతుంది. ప్రైవేటు పాటకు వినేవాళ్ళే దిక్కు. మనం అడగకపోతే అది లేనట్టే.

అందుకే మన యూనియన్ మిత్రులకు ఒక మనవి. ఏటా వార్షికోత్సవంలో పాటల పోటీ పెడుతున్నారు, సంతోషం. అన్నీ సినిమా పాటలే. ఈసారి పద్యాలకు, ప్రైవేటు గీతాలకు వేరే ఒక బహుమతి పెట్టండి. ఒక్కొక్కరికి మూడు నిమిషాలు చాలు, అంతకంటే ఎక్కువ ఇవ్వొద్దు! ఎవరూ పేరివ్వకపోతే మొదటి పేరు నాది వ్రాసుకోండి. నా గొంతు అంతంతమాత్రమే, అయినా దాశరథి గీతం పాడతాను.

— బి.ఎస్సీ. (ఎం.పి.సి.) ద్వితీయ సంవత్సరం