మరియా కల్లాస్: ఏథెన్సులో తీర్చిదిద్దిన గళం

ఇరవయ్యవ శతాబ్దపు ఒపెరా గాయనులలో అగ్రగణ్యురాలిగా పేరొందిన మరియా కల్లాస్ 1923 డిసెంబరు 2న న్యూయార్కులో జన్మించింది. తల్లిదండ్రులు ఆ సంవత్సరమే గ్రీసు దేశాన్ని విడిచి అమెరికాకు వలస వచ్చిన వారు. ఇంటిపేరు కలోగెరోపౌలోస్. అక్కడివారి నాలుకకు అది తిరగదని తండ్రి జార్జి దానిని కల్లాస్ అని కుదించుకొన్నాడు. పొరుగు సీమలో తరాలుగా బ్రతుకుతున్న వారికి ఇట్టి సంగతులు వింతగా తోచవు.

తల్లి ఎవాంజెలియా అంతకు ముందే ఒక మగబిడ్డను పోగొట్టుకొన్నది. మరల కుమారుడే కలుగుతాడని ఎదురుచూచి, ఆడశిశువు పుట్టిందని తెలిసి నాలుగు దినాలు బిడ్డ ముఖం చూడలేదని చెబుతారు. ఆ బిడ్డకే గళమున్నదని తెలిసిన పిమ్మట మాత్రం పాట తప్ప మరొక ధ్యాస లేకుండా పెంచింది. 1929 నాటి ఆర్థిక సంక్షోభంలో తండ్రి మందుల దుకాణం చేజారింది. ఆలుమగల మధ్య పొత్తు కుదరక, 1937లో తల్లి ఇద్దరు కుమార్తెలను వెంటబెట్టుకొని ఏథెన్సుకు తిరిగి వచ్చింది. అప్పటికి మరియాకు పదమూడేండ్లు.

ఒపెరా అనగా సంభాషణంతా పాటగానే సాగే నాటకం. మన పద్యనాటకాలలో మైకులు లేని రోజుల్లో రాగాలాపన చివరి వరుస దాకా వినిపించవలసి వచ్చేది కదా! ఒపెరా గాయనికి ఆ పరీక్ష నేటికీ ఉన్నది. ముందు కూర్చున్న డెబ్బది ఎనుబది వాద్యాలను దాటి, ఏ యంత్రసహాయమూ లేకుండా గొంతు సభనంతటినీ నింపాలి.

ప్రసిద్ధమైన ఏథెన్సు కన్సర్వేటరీ ద్వారం మొదట మరియాకు తెరుచుకోలేదు. స్వరలిపి రాని బాలికను చేర్చుకొనుటకు వారు సమ్మతించలేదు. అప్పుడు మరియా త్రివెల్లా అనే అధ్యాపకురాలు మరొక విద్యాలయంలో, రుసుము తీసుకోకుండానే పాఠం చెప్పుటకు అంగీకరించింది. అందరూ మంద్రస్థాయి గళమని తలచినదానిని ఆమె తారస్థాయికి చెందిన సోప్రానో గళంగా గుర్తించింది. 1939 ఏప్రిల్‌లో విద్యార్థుల ప్రదర్శనలో ‘కవల్లెరియా రుస్తికానా’ నాయిక సాంతుజ్జాగా మరియా తొలిసారి రంగస్థలమెక్కింది.

ఆ సంవత్సరమే ఏథెన్సు కన్సర్వేటరీలో ఎల్విరా దె ఇదాల్గో అనే స్పెయిన్ గాయని ముందు నిలిచి పాడింది. బొద్దుగా, దళసరి కళ్లద్దాలతో ఉన్న ఆ పిల్లను చూసి గురువు మొదట పెద్దగా ఆశ పడలేదంటారు. పాట వినగానే చేర్చుకొన్నది. ఇక్కడి నుండే అసలు కథ.

మరియా ఉదయం పది గంటలకు తరగతికి వచ్చి రాత్రి ఎనిమిదింటి దాకా కదిలేది కాదు. తన పాఠం ముగిసినా ఇతర విద్యార్థుల పాఠాలన్నీ కూర్చుని వినేది. ఒకరికి చేతకానిది మరొకరికి ఎట్లు సాధ్యమగుచున్నదో గమనించేది. గురువు నేర్పినది బెల్ కాంటో, అనగా సుందరగానమనే పాత ఇటాలియన్ పద్ధతి. స్వరశ్రేణులు, కంపితాలు, శ్వాసను పొదుపుగా వాడి ఒక్క స్వరాన్ని సన్నగా మొదలిడి పెంచి తిరిగి తగ్గించుట: ఇవే నిత్యాభ్యాసం. బరువైన గొంతును వీణ తంత్రి వలె చురుకుగా పలికించాలన్నదే దాని సారం. చూపు మిక్కిలి మందమగుటచే వేదికపై నుండి వాద్యబృంద నాయకుడి చేయి కనిపించేది కాదు. అందుచేత వాద్యాల పాళ్లతో సహా నాటకమంతా కంఠస్థం చేసేది. లోపమే ఆమెకు రెండవ గురువైనదనాలి.

ఇంతలో యుద్ధం వచ్చింది. 1941 ఏప్రిల్‌లో జర్మనులు ఏథెన్సును ఆక్రమించారు. ఆ శీతకాలంలో నగరం ఆకలితో అలమటించింది. వీధులలో జనం రాలిపోయారు. మరియా ఇటాలియన్ సైనికుల ముందు పాడి ఆహారం తెచ్చుకొన్న దినాలున్నాయి. తరువాత కొందరు దానిని తప్పుపట్టారు. ఆకలి ఎరిగిన ఇంట ఆ తీర్పు అంత సులువు కాదు. 1942 ఆగస్టులో, పందొమ్మిదేండ్లు నిండకముందే, ‘తోస్కా’లో ప్రధానపాత్ర ధరించింది. గ్రీసు విడిచేనాటికి ఏడు ఒపెరాలలో యాభై ఆరు ప్రదర్శనలిచ్చింది.

యుద్ధానంతరం ఇటలీకి పొమ్మని గురువు హితవు చెప్పింది. ఆమె వినలేదు. తండ్రిని చూడాలని 1945లో అమెరికాకు ఓడ ఎక్కింది. అక్కడ రెండేండ్లు దాదాపు వ్యర్థమయ్యాయి. చికాగోలో ఆమెను తీసుకొన్న బృందం తెర లేవక ముందే దివాలా తీసింది. చివరకు 1947 ఆగస్టులో, ఇటలీలోని వెరోనా పురాతన రంగస్థలంలో ‘లా జొకొండా’తో గురువు చూపిన దారికే వచ్చింది. అక్కడ వాద్యబృందాన్ని నడిపిన తుల్లియో సెరాఫిన్ ఆమెలోని విద్యను గుర్తించాడు.

1949 జనవరిలో వెనిస్ నగరంలో జరిగినది నేటికీ చెప్పుకొంటారు. వాగ్నర్ నాటకంలో యుద్ధకన్య బ్రూన్‌హిల్డె పాత్ర ఆమె పాడుతుండగా, అక్కడే జరగవలసిన ‘ఇ పురితాని’ నాయిక జబ్బుపడింది. ఆ పాత్రకు తేలికైన, వేగంగా పరుగులెత్తే గొంతు కావాలి. రెండూ ఒకే గాయని పాడుట ఊహకందని మాట. సెరాఫిన్ పట్టుబట్టగా మరియా వారం తిరగకముందే పాత్రను వల్లెవేసి జనవరి 19న పాడింది. ఏథెన్సు తరగతిలోని ఆ స్వరాభ్యాసం లేకుంటే అది జరిగేది కాదు.

పిదప మిలాను లా స్కాలా, లండన్, న్యూయార్కు వేదికలు ఆమెకు పట్టం కట్టాయి. 1953, 54లలో ముప్పయి కిలోలకు పైగా బరువు తగ్గింది. 1958 జనవరి 2న రోములో, దేశాధ్యక్షుడు చూస్తుండగా, గొంతు సహకరించక మొదటి అంకంతోనే ‘నోర్మా’ ఆపివేయగా పత్రికలు దుమ్మెత్తిపోశాయి. తల్లితో 1950 తరువాత మరల కలియలేదు. నలభై ఒకటో ఏట, 1965 జూలైలో, లండన్‌లో ‘తోస్కా’యే ఆమె చివరి ఒపెరా. 1971, 72లలో న్యూయార్కు జూలియార్డ్ విద్యాలయంలో యువ గాయనీగాయకులకు పాఠాలు చెప్పింది.

1977 సెప్టెంబరు 16న పారిస్‌లో యాభై మూడవ ఏట మరణించింది. చితాభస్మాన్ని 1979లో గ్రీసు తీరాన ఉన్న ఏజియన్ సముద్రంలో కలిపారు. శిష్యురాలి కంటె ముప్పయి రెండేండ్లు పెద్దదైన ఎల్విరా దె ఇదాల్గో అప్పటికింకా జీవించే ఉన్నది. 1980 జనవరిలో మిలానులో కన్నుమూసింది.